కాళ్ళు పైకున్న సామాను

మన ఇంటి నుంచి, వెనక షెడ్డులో
వానలు మొదలైన వారం

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనాలో చీటీ అనాలో తెలియలేదు. మొత్తం ఆరు వాక్యాలు. అందులో రెండు నన్ను మందులు వేసుకోమని, ఒకటి నువ్వు బాగున్నానని. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కిచకిచలాడుతూ నా చెవులు తినేశావని కదా నీకు పిచ్చుక అని పేరు పెట్టాను. అంత దూరం వెళ్ళి ఎక్స్‌రే తీసే పని నేర్చుకుంటున్నావు గానీ మాట్లాడే పని మరిచిపోయినట్టున్నావు.

నేను బాగానే ఉన్నాను. ఇది అబద్ధం కాదు, సగం నిజం.

వాన పడుతుంటే వెనక షెడ్డు కారుతోందేమోనని తలుపు తీశాను. వాడు పోయి ఏడు నెలలైంది, అందులోకి అడుగు పెట్టలేదు. కారడం లేదు. కానీ లోపల వాడి సామానంతా దుమ్ము పట్టి ఉంది. విరిగిన కుర్చీలు, బల్లలు, పాత నిచ్చెన, పగిలిన కిటికీ రెక్కలు. నా కొడుకు బతికినన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ పాత సామాను బాగుచేశాడు గానీ మన షెడ్డు బాగుచేయలేదు. ఊడుద్దామని చీపురు పట్టుకున్నాను. ఎలా మారిందో తెలియదు, చేతిలోకి రంపం వచ్చింది.

నవ్వకు. నాలుగు రోజులుగా నేను వడ్రంగిని. చేతులు ఊరుకోవడం లేదే. ఊరుకుంటే మనసు మొదలుపెడుతోంది.

ముందు నిచ్చెనని వసారా కప్పుకి అడ్డంగా, తాళ్ళతో వేలాడదీశాను. వానాకాలం బట్టలన్నీ దాని మెట్ల మీదే ఆరుతున్నాయి. తర్వాత ఒక పొడుగు బెంచీ ఉంటే మధ్యకి కోసి రెండు కుర్చీలు చేశాను. ఒకటి పక్కింటి కుట్టుమిషనావిడ పట్టుకుపోయింది, ఎత్తు మిషనుకి సరిగ్గా సరిపోయిందట. ఆరు సొరుగుల పెట్టె ఒకటి ఉంది. సొరుగులు లాగేసి, అడుగున చిల్లులు పెట్టి, మట్టి పోసి, కిటికీ కింద వరసగా పెట్టి మొక్కలు వేశాను. అన్నిటికంటే మంచిది చెప్తాను. ఒక అద్దం బల్ల ఉంది. దాని నాలుగు కోళ్ళూ జానెడు జానెడు కోసి వంటింట్లో వేసుకున్నాను. ఇప్పుడు నేల మీద కూర్చుని దాని మీద కూరగాయలు తరుగుతున్నాను, నడుము నొప్పి తగ్గింది. అద్దం ఊడదీసి గిన్నెలు తోమే చోట గోడకి పెట్టాను. నా మొహం చూసి గిన్నెలే కంగారుపడుతున్నాయి.

ఈసారి ఏడు వాక్యాలైనా రాయి.

అత్త

*

హాస్టలు నుంచి, కిటికీ పక్క మంచం మీద

అత్తయ్యా,

ఒకటి. ఉత్తరం అందింది. రెండు. చదువుతూ గట్టిగా నవ్వితే పక్క మంచం అమ్మాయి లేచి కూర్చుంది. మూడు. మీరు రంపం పట్టుకోవడం నేను నమ్మను. ఆయన షెడ్డులో రంపం తీస్తే చాలు, ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమంటున్నాయని ఇంట్లోంచి అరిచేది ఎవరు? లెక్క పెట్టడం ఇక్కడితో ఆపేస్తున్నాను, లేకపోతే ఏడు దాటానో లేదో చూసుకుంటూ కూర్చుంటారు.

ఇక్కడ నేనూ ఒక పని చేశాను. హాస్టలు వరండాలో వీపు తప్ప ఏమీ మిగలని కుర్చీ ఒకటి పడి ఉంది. ఆ వీపుని గోడకి కొట్టాను. దాని అడ్డపట్టీల మీద తువ్వాలు, పై కొమ్ములకి తెల్లకోటు, సంచీ. వార్డెనమ్మ చూసి ఎవరు నేర్పారని అడిగింది. మా ఇంట్లో ఇది వ్యాధి అని చెప్పాను. ఇప్పుడు మీకూ అంటుకుందన్నమాట.

ఎముకలు చూసే చీకటి గదిలో రోజంతా గడుస్తోంది. ఒకరి చేతి ఫొటో తీసేటప్పుడు కదలకండి అని చెప్పాలి. నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను, ఊరికే. మీరు కోసిన బెంచీ, సొరుగుల పెట్టె, అద్దం బల్ల షెడ్డులో ఎలా ఉన్నాయి? నేల మీద నిలబడి ఉన్నాయా, కాళ్ళు పైకి పెట్టి తలకిందులుగా ఉన్నాయా? ఏమీ లేదు, గుర్తు తెచ్చుకుంటున్నాను అంతే. ఆ వివరం రాసేదాకా ఇంకేమీ కోయకండి. నడుముకి విశ్రాంతి.

మీ కోడలు

*

ఇంటి నుంచి, మొక్కల సొరుగుల పక్కన

పిచ్చుకా,

నీ అత్త మరీ అంత తెలివితక్కువది కాదే. నిక్షేపంలా కాళ్ళ మీద నిలబడిన సామాను నేనెందుకు కోస్తాను? వాటి జోలికే పోలేదు. వాడు కూర్చునే కుర్చీ, టీ గ్లాసు పెట్టుకునే బల్ల, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను పట్టుకున్నవన్నీ కాళ్ళు పైకెత్తి పడి ఉన్నవే. చచ్చిన బొద్దింకల్లా వెల్లకిలా పడి ఉంటే పనికిరానివని పక్కన పడేశాడని గుడ్డివాడికైనా తెలుస్తుంది. పైగా కోళ్ళు పైకి ఉంటే కోయడానికి ఎంత వీలో.

నువ్వు కోయొద్దన్నావు కాబట్టి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు ఒక కిటికీ రెక్కకి మాత్రం కొక్కేలు కొట్టి తాళంచెవులు వేలాడదీశాను. అది గోడకి ఆనించి ఉంది, పైకీ కాదు కిందకీ కాదు, కాబట్టి నీ మాట దాటినట్టు కాదు.

నిన్న ఒకాయన వచ్చాడు. బజారు చివర గడియారాలు బాగుచేసే పెద్దాయన. కంటికి ఆపరేషనై కూతురి ఊళ్ళో ఎనిమిది నెలలు ఉండి వచ్చాడట. మీ అబ్బాయి ఉన్నాడా అని గుమ్మంలోనే అడిగాడు. పాపం ఆయనకి తెలియదు. లేడని చెప్పాను. ఎప్పుడొస్తాడు అన్నాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మూడు రోజుల జ్వరం అన్నాను. ఇన్నాళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పే పని పడలేదు, అందరికీ తెలిసిపోయింది కదా. నా నోటితో నేను వింటుంటే ఇంకెవరి కొడుకు సంగతో చెప్తున్నట్టుంది.

లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు పట్టుకుని వంటింటి వైపు చాలాసేపు చూశాడు. అక్కడ నా కొత్త బల్ల మీద వంకాయలు సగం తరిగి ఉన్నాయి. ఆకలిగా ఉందేమోనని అడిగాను, కాదన్నాడు. వచ్చిన పనేమిటంటే ఊరికే వచ్చానన్నాడు. చెప్పులు తొడుక్కోవడానికి చాలా సమయం పట్టింది. పెద్దవాళ్ళకి చావు కబురు చెప్పడం ఎంత తప్పో అప్పుడే తెలిసింది.

నీ చీకటి గదిలో ఆ కదలకండి అనే మాట కొంచెం మెత్తగా చెప్పు. నా మీద అరిచినట్టు అరవకు.

అత్త

*

హాస్టలు నుంచి

అత్తయ్యా,

ఈ ఉత్తరం నిలబడి చదవకండి. కూర్చోండి. ఆ బల్ల మీద మాత్రం కూర్చోకండి.

కాళ్ళు పైకున్నవి పనికిరానివి కావు. అవి ఎదుటివాళ్ళవి. బాగుచేసి తిరిగి ఇవ్వాల్సినవి. ఎవరో ఒకరు వచ్చి వాటి మీద కూర్చుంటారని, టీ గ్లాసు పెట్టి మరక చేస్తారని, సామాను దిగగానే తలకిందులు చేసి పెట్టేవారు ఆయన. నిటారుగా నిలబడి ఉన్నవి మనవి. చెడ్డవి, చెక్క కోసం దాచినవి. పెళ్ళైన కొత్తలో నేను ఒక తలకిందుల కుర్చీని మంచిదే కదా అని తిప్పి పెడితే ఎంత కోప్పడ్డారో. అది మీకు చెప్పుకుని ఏడ్చాను కూడా. మీరు మర్చిపోయారు.

ఇప్పుడు నా తప్పు. షెడ్డులో మేకుకి వేలాడే పుస్తకం ఒకటి ఉండేది, ఏ సామాను ఎవరిదో రాసుకునేవారు. అది కనిపించలేదని మీరెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వచ్చేటప్పుడు నా పెట్టెలో అడుగున పెట్టుకుని తెచ్చేసుకున్నాను. ఆయన చేతిరాత ఇంకెక్కడా లేదు అత్తయ్యా. తెచ్చాను గానీ ఒక్కసారీ తెరవలేదు. మీ ఉత్తరం చూశాక తెరవాల్సి వచ్చింది. చివరి పేజీలో ఇలా ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

బెంచీ, మంగలి షాపుది. పట్టీ ఊడింది.

సొరుగుల పెట్టె, బడి పంతులమ్మది. రెండు సొరుగులు బిగుసుకున్నాయి.

అద్దం బల్ల, గడియారాల పెద్దాయనది. వాళ్ళావిడ వాడుకున్నది. పాలిష్ చేయాలి. ఎప్పుడిచ్చినా ఫరవాలేదన్నారు. అలా అన్నవాళ్ళకే ముందు ఇవ్వాలి.

ఆ పెద్దాయన వంకాయలని చూడలేదు అత్తయ్యా.

మీ కోడలు

*

ఇంటి నుంచి

దొంగపిల్లా,

పుస్తకం ఎత్తుకుపోయి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావు. నేను ఊరి సామానంతా కోసిపెట్టాను. అత్తాకోడళ్ళంటే మనమే, ఇద్దరం కలిసి వాడి పరువు తీశాం.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏమీ చేయలేకపోయాను. మర్నాడు మంగలి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కత్తెర ఆపి పడీపడీ నవ్వాడు. ఆ బెంచీ ఉంటే క్షవరం చేయించుకోని వాళ్ళు నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునేవారట, ఇక మీదట ఇద్దరికే చోటు, పీడ వదిలిందన్నాడు. పక్కింటి ఆవిడ దగ్గర ముక్క వెనక్కి తీసుకుని రెండూ ఇచ్చి వచ్చాను. ఆవిడ మూతి ముడుచుకుంది, ముడుచుకోనీ.

పంతులమ్మ మాత్రం తిట్టింది. సొరుగుల్లో మట్టి చూసి, చిల్లులు లెక్కపెట్టి, నా చేత గోడ కుర్చీ వేయించేలా చూసింది. తర్వాత మొక్కలు బతికాయి కదా వాటినేం చేస్తావని, సొరుగులతో సహా పట్టుకుపోయింది. ఖాళీ పెట్టె కూడా కావాలంది. అందులో పుస్తకాలు పెట్టుకుంటుందట.

ఇక అద్దం బల్ల. దీనికి దారి కనిపించడం లేదు. అద్దం తిరిగి బిగించగలను. కోసిన కోళ్ళ ముక్కలేవి? రెండు పొయ్యిలో పెట్టాను. ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడితే వానకి ఉబ్బిపోయింది. ఒక్కటే మిగిలింది. బల్ల మీద కత్తి గాట్లు ఎన్నో.

పక్కింటి ఆవిడ ఒక మాట అంది. చేసినవాడు ఎలాగూ లేడు, బాగుచేద్దామని వాడే కోశాడని చెప్పు, పోయినవాణ్ణి ఎవరూ తిట్టరు అంది. విని కోప్పడలేదు. కోపం రాలేదు మరి. రెండు రోజులుగా ఆ మాట నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను. ఆయన ఎదురుగా నిలబడి నేనే కోశానని చెప్పడం కంటే అది ఎంతో సులువు. కొడుకు పోయి ఏడు నెలలైనా వాడి చాటున దాక్కుందామనే చూస్తున్నానంటే ఎలాంటి తల్లినో చూడు.

నువ్వేమంటావు? త్వరగా రాయి.

*

హాస్టలు నుంచి, మధ్యాహ్నం సెలవులో

అత్తయ్యా,

ఆయన మీద వేసేయండి. చిన్నప్పుడు వీధిలో ఏ కిటికీ అద్దం పగిలినా ఆయన మీదే వేశారట కదా, మీరే చెప్పారు. ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది.

అని రాద్దామనుకున్నాను. రాశాక పుస్తకం మళ్ళీ తీశాను. తొమ్మిదేళ్ళ సామాను ఉంది అందులో. ప్రతిదాని పక్కనా ఇచ్చేశాను అని రాసుకున్నారు. ఈ మూడింటి పక్కన లేదు. ఇది మాత్రం ఆయన మీద వద్దు. మీరు ఆ మాట చెప్పరని నాకు తెలుసు. నన్ను అడిగింది వద్దనిపించుకోవడానికే. అన్నాను, అయిపోయింది.

కాళ్ళు అతికే పద్ధతి ఒక పేజీలో రాసి ఉంది. కాగితం చింపడానికి చేయి రాలేదు, చూసి రాస్తున్నాను.

కోడు అడ్డంగా కోసి ముక్క పెడితే నిలవదు. ఏటవాలుగా కోయాలి. కొత్త ముక్కనీ అదే వాలుకి కోయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు ఉండాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే మళ్ళీ గరుకు కాగితం పట్టాలి. జిగురు రాసి, పాత సైకిల్ ట్యూబు పట్టీలా కోసి గట్టిగా చుట్టాలి. రెండు రోజులు ముట్టుకోకూడదు. అమ్మని షెడ్డులోకి రానివ్వకూడదు, విప్పి చూస్తుంది.

చివరి వాక్యం నేను చేర్చింది కాదు. అలాగే ఉంది. పక్క మంచం అమ్మాయి మళ్ళీ లేచి కూర్చుంది, ఈసారి నవ్వుకి కాదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మంచి పిల్ల. నేను కూడా దానితో కాస్త మాట్లాడాను.

చెక్క అదే రంగుది దొరకాలి. షెడ్డులో ఏముందో మీకే తెలుసు.

మీ కోడలు

*

ఇంటి నుంచి, ఎండ వచ్చింది

పిచ్చుకా,

రెండు రోజుల్లో ఒక్కసారే విప్పి చూశాను. అదీ ఒక్క కాలే. మళ్ళీ చుట్టేశాను.

చెక్క కోసం షెడ్డంతా వెతికాను. ఆ ఎర్రటి రంగు ఒక్క దానికే ఉంది. వాడు కూర్చునే కుర్చీకి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా దాని మీదే కూర్చున్నాను. దాన్ని వదిలి తక్కినవన్నీ ఒకసారి గీకి చూశాను, ఒక్కదానికీ ఆ రంగు రాలేదు. తర్వాత దాన్ని వాడు పెట్టే పద్ధతిలోనే తలకిందులుగా పెట్టి కోశాను.

కత్తి గాట్లు చాలావరకు పోయాయి, కొన్ని పోలేదు. తోపుడు బండి అడిగి తెచ్చుకుని నేనే తోసుకెళ్ళాను. పక్కింటి ఆవిడ తోడొస్తానంది. వద్దన్నాను. దారిలో మనసు మారితే ఆవిడ మాటే చెప్పేస్తానని భయం.

గడియారాల షాపు వెనకే ఇల్లు. ఒక్క గది, గోడనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో సమయం చూపిస్తోంది. బల్ల దించాం. ఆయన కళ్ళజోడు తీసి, చిన్న పని చూసే గాజు కంటికి పెట్టుకుని, వంగి నాలుగు కోళ్ళూ ఒక్కొక్కటే చూశాడు. అతుకుల దగ్గర ఎంత పాలిష్ పెట్టినా గీత కనిపిస్తూనే ఉంది. నేను గోడ గడియారాలు చూస్తూ నిలబడ్డాను.

"ఇది మీ అబ్బాయి పని కాదు" అన్నాడు.

"కాదండీ. కోసిందీ నేనే, అతికిందీ నేనే. వాడు ముట్టుకోనేలేదు" అన్నాను. "పాడైన సామాను అనుకున్నాను. వాడికి దీంతో సంబంధం లేదు."

చెప్పడం అయిపోయాక ఆయన తల ఊపాడు. ఆ రోజే చూశానన్నాడు.

"మరి అడగలేదేం?"

"అప్పుడే కదమ్మా కొడుకు పోయాడని చెప్పారు. బల్ల కాళ్ళేవని ఎలా అడుగుతాను?"

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను, ఆగలేదు. ఆయన కూడా నవ్వాడు గానీ కాసేపే. బల్ల మీద గాట్లు వేలితో తడిమాడు. వాళ్ళావిడ చూస్తే తిట్టేదన్నాడు. ఆ తిట్లు నేను పడతానన్నాను. మీకెందుకు, నాకు అలవాటే అన్నాడు. బాగుందని మాత్రం అనలేదు, పిచ్చుకా. అబద్ధం చెప్పని మనిషి. ఇది మునుపటి బల్ల కాదు, ఆ మాట ఆయనకీ తెలుసు నాకూ తెలుసు. గోడ వారగా జరిపి, అద్దం తుడిచి, దాని ముందు కాసేపు నిలబడి, మీవాడు ఇస్తానన్నాడు, ఇచ్చాడు అన్నాడు.

ఖాళీ బండి తోసుకుంటూ తిరిగి వస్తుంటే దారిలో ఏడుపొచ్చింది. పట్టపగలు, బజారు మధ్యలో. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు నేను, నిన్ను పట్టుకోవాల్సి వచ్చి. కూరగాయల ఆవిడ బండి పక్కకి తీసి చోటిచ్చింది. ఏమైందని అడగలేదు. బండి మీదే కూర్చుని కానిచ్చాను.

షెడ్డులో ఇప్పుడు కాళ్ళు పైకున్న సామాను ఒక్కటీ లేదు. వాడు నిలబెట్టుకోవాల్సిన మాట ఒక్కటీ మిగల్లేదు. ఇన్నాళ్ళూ ఆ మూడూ అక్కడ ఉన్నాయి కాబట్టి వాడి పని ఇంకా కొంచెం ఉన్నట్టే ఉండేదేమో. సంతోషించాలో ఏడవాలో తెలియక షెడ్డు ఊడ్చాను. ఊడ్చడానికే కదా మొదట వెళ్ళింది.

పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. దొంగపిల్లా అన్నది కోపంతో అన్న మాట కాదు. ఆ మూడింటి పక్కనా ఇచ్చేశాం అని నువ్వు రాయి. నీ చేతిరాతతో రాయి, వాడిలా రాయబోకు. రేపట్నించి నేను షెడ్డులో ఏం చేస్తానో నాకే తెలియదు. పంతులమ్మ ఇంకో విరిగిన మంచం పంపిస్తానంది, నన్ను నమ్మి కాదట, మంచం ఎలాగూ పోయేదేనట. రానీ చూద్దాం.

నువ్వు సెలవు పెట్టుకుని పరిగెత్తుకు రావద్దు. చదువు పూర్తి చేసుకునే రా. పక్క మంచం అమ్మాయితో రోజూ మాట్లాడు, నీళ్ళిచ్చే మనిషిని వదులుకోకూడదు. మొన్నటి నీ ఉత్తరంలో అక్షరాలు సన్నబడ్డాయి, మనిషివీ సన్నబడ్డావని అర్థమైంది. మూడు పూటలా కడుపునిండా తిను.